కుదింపు, కాపుదల: యురేనస్ నుంచి వచ్చిన బొమ్మల కథ

ఏ గురువుగారి పేరిట ఈ ఉపన్యాసం ఏర్పాటైందో, ఆయన సిద్ధాంతం చెప్పేముందు ఒక లెక్క చేసి చూపించేవారు. నేనూ ఆ దారినే నడుస్తాను.

1986 జనవరి 24న వాయేజర్-2 అంతరిక్ష నౌక యురేనస్ పక్కగా సాగిపోయింది. భూమికి దాదాపు 300 కోట్ల కిలోమీటర్ల దూరం. కెమెరా తీసే ఒక్కో బొమ్మలో 800 వరుసలు, వరుసకు 800 పిక్సెళ్లు, పిక్సెల్‌కు 8 బిట్లు. వెరసి 51,20,000 బిట్లు. అంతకుముందు దాటిన శని దగ్గరితో పోలిస్తే దూరం రెట్టింపు కాబట్టి మనకు అందే సంకేతం బలం నాలుగో వంతుకు పడిపోయింది. అన్ని బిట్లు పంపే వ్యవధి లేదు. నౌక 1977లోనే వెళ్లిపోయింది గనుక కొత్త పరికరం అమర్చే వీలూ లేదు. నౌకలో చేయగలిగింది ప్రోగ్రాము మార్చడం ఒక్కటే.

పక్కపక్క పిక్సెళ్ల వెలుగులో పెద్ద తేడా ఉండదు. ఒక వరుస 118, 119, 119, 120 అని మొదలైందనుకుందాం. 118ని పూర్తిగా పంపి, తర్వాత 1, 0, 1 అని తేడాలు పంపితే చాలు. చిన్న అంకెలకు తక్కువ బిట్లు సరిపోతాయి. ఇలా బొమ్మకయ్యే బిట్లు సుమారు 60 శాతం తగ్గాయి.

అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. దారిలో ఆ మొదటి 1 కాస్తా 9గా మారితే మనకు 118, 127, 127, 128 వస్తాయి. ఒక్క చుక్కతో పోయే తప్పు వరుస చివరిదాకా పాకుతుంది. వెయ్యి బిట్లకు ఐదు తప్పులున్నా మామూలు బొమ్మ పనికొస్తుంది. కుదించిన బొమ్మకు పది లక్షలకు ఒకటి మించకూడదు.

ఈ అవసరాన్ని తీర్చింది ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలొమన్ దోష సవరణ సంకేతంపై 1960లో ప్రచురించిన ఐదు పేజీల వ్యాసం. దాని కిటుకు ఇది. సరళరేఖ గీయడానికి రెండు బిందువులు చాలు. రెండు బదులు నాలుగు పంపామనుకోండి. ఒకటి చెడినా మిగతా మూడూ ఒకే గీతపై నిలుస్తాయి, తప్పుకున్నది తేలిపోతుంది. వాయేజర్‌లో ప్రతి 223 బైట్లకు 32 బైట్లు తోడు చేశారు. మొత్తం 255లో ఏ 16 చెడినా సరిదిద్దవచ్చు. అంతకుముందు వాడిన గోలే సంకేతానికైతే ప్రతి సమాచార బిట్‌కూ ఒక అదనపు బిట్ కావలసి వచ్చేది. ఈ కొత్త సంకేతం కట్టే పరికరాన్ని ప్రయోగించేనాడే నౌకలో పెట్టారు. దాన్ని విప్పే ఏర్పాటు భూమ్మీద అప్పటికింకా సిద్ధం కాలేదు. ఆ ముందుచూపుకు నేను మనసారా నమస్కరిస్తాను.

తీసేసిన అదనాన్ని మళ్లీ చేర్చడమెందుకని విద్యార్థులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. బొమ్మలో సహజంగా ఉన్న పునరుక్తికి దారిలోని రొదతో సంబంధం లేదు. మనం చేర్చే అదనం మాత్రం ఆ రొదను లెక్కగట్టి చేర్చింది. ఈ రెండు పనులనూ విడదీసి చేసినా సిద్ధాంతరీత్యా నష్టం లేదని 1948లో క్లాడ్ షానన్ చూపాడు. దాంతో మన తరగతుల్లో కుదింపు ఒక అధ్యాయం, దోష సవరణ మరో అధ్యాయం అయ్యాయి. ఒకటి రెండోదాన్ని ఎందుకు కోరుతుందో విద్యార్థికి కనబడకుండా పోతోంది.

అధ్యాపక మిత్రులకు నా విన్నపం ఒకటే. ఎనిమిది అంకెల వరుస ఇచ్చి పిల్లల చేత కుదింపించండి, ఒక బిట్ చెడగొట్టించండి, తర్వాత సరిదిద్దించండి. కాగితం, పెన్సిలు చాలు, ఒక పూటలో అయిపోతుంది.