లెక్క ముందు ఒడ్డునే చదవాలి



ఈ ఏడాది మీలో కొందరు చుట్టూ ఉన్న నీటిని, నేలను, ప్రాణులను సొంతంగా పరిశీలించి, తెలుసుకున్నది పదిమంది ముందు చెప్పబోతున్నారు. చాలా సంతోషం. ఆ లెక్క ఎలా రాయాలి, ఎవరికి ముందు చెప్పాలి? ఈ రెండు ప్రశ్నలే ఈరోజు మన మాటలు.

చెన్నైలో స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్సర్వేషన్ నెట్‌వర్క్ అనే విద్యార్థుల బృందం 1988 నుంచి పనిచేస్తోంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే నెలల్లో ఈ పిల్లలు రాత్రిపూట ఒడ్డు వెంట నడుస్తారు. గూళ్లు ఎక్కడ కనిపించాయి, ఎన్ని తాబేళ్లు చచ్చి కొట్టుకొచ్చాయి అని రాసుకుంటారు. 2025 జనవరిలో ఆ తీరానికి వందల తాబేళ్ల కళేబరాలు కొట్టుకొచ్చాయి. అది ఏటా జరిగేదా, కొత్త ఆపదా అని తేల్చాలంటే ఇలాంటి పాత లెక్కలే ఆధారం.

ఇక ఒడిశా వైపు చూద్దాం. గంజాం జిల్లాలో రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట వేలకు వేల తాబేళ్లు ఒకేసారి ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. ఆ తీరంలో వేటకు వెళ్లేవాళ్లలో మన తెలుగు మాట్లాడే మత్స్యకారులు ఎందరో ఉన్నారు. ధామ్రా, దేవి, రుషికుల్య ముఖద్వారాల దగ్గర సముద్రంలో 20 కిలోమీటర్ల దాకా నవంబరు 1 నుంచి మే 31 వరకు మరపడవలకు, మోటారు పడవలకు వేట నిషేధం. దానికి కారణం ఉంది. తాబేలు గాలి కోసం పైకి రావాలి. ట్రాలర్ వలలో చిక్కుకుంటే ఊపిరాడక చస్తుంది. కానీ ఏడు నెలలంటే చిన్న మోటారు పడవ మీద బతికే ఇంటికి పొయ్యి వెలగడమే కష్టం.

ఇలాంటి చోట విద్యార్థి రాసే అంకెకు బరువు ఎక్కువ. చచ్చిన తాబేలును చూసి అది చచ్చిందని చెప్పగలం. ఎవరి వల చంపిందో కళేబరం ఒక్కటే చెప్పదు. కాబట్టి చూసింది వేరుగా, ఊహించింది వేరుగా రాయండి. తేదీ, సమయం, నడిచిన దూరం, ఎంతమంది వెతికారు అన్నవి తప్పక ఉండాలి. ఏమీ కనిపించని రాత్రి సున్నా అని రాయండి. ఆ సున్నా లేకపోతే మిగతా అంకెలకు అర్థం ఉండదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఈ తాబేలుకు రక్షణ ఇస్తోంది కాబట్టి అటవీ శాఖ అనుమతి లేకుండా తాబేలును, గుడ్లను ముట్టుకోకండి.

ఆ ఒడ్డున పుట్టి పెరిగిన తాతలను, పెద్దమ్మలను అడగండి. గాలి ఎప్పుడు మళ్లింది, ఇసుక ఎక్కడ కోసుకుపోయింది అని వాళ్లకు తెలుసు. వాళ్లు చెప్పింది వాళ్ల మాటగానే రాయండి.

నేషనల్ చిల్డ్రన్స్ సైన్స్ కాంగ్రెస్ 1993 నుంచి పిల్లలను తమ ఊరి సమస్య మీదే పరిశోధన చేయమంటోంది. ఏ వేదిక దొరికినా వెళ్లండి. కానీ దానికి ముందు ఆ ఒడ్డునే కూర్చుని, వాళ్లకు అర్థమయ్యే తెలుగులో మీ లెక్క చదివి వినిపించండి. తప్పుంటే అక్కడే దిద్దుతారు. బతుకులు ఎవరివో, ఆ లెక్క వినే మొదటి హక్కు వాళ్లది.