ఇక్కడ ఇసుక మేట, అక్కడ తీరం కోత



అనంతపురంలో కూర్చుని సముద్రపు కోత గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేల మనది. కానీ మనకూ ఒక ఒడ్డు ఉంది. అది వేదవతి ఒడ్డు, మనం హగరి అని పిలుచుకునే ఏరు.

ఎగువన కర్ణాటకలో 1907లో వాణీవిలాస సాగరం కట్టారు. ఇటు 1961 నాటికి భైరవానితిప్ప పూర్తయింది. దానికి కరువులు తోడయ్యాయి. దిగువన ఏరు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండే ఉంటోంది. జూన్ నుంచి నైరుతి గాలి ఆ ఎండిన ఇసుకను లేపి బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల పొలాల మీద పోస్తోంది. దర్గాహొన్నూరు, గోవిందవాడ వైపు వెళ్లి చూడండి, దిబ్బలు కనిపిస్తాయి. పత్రికలు ఆ దిబ్బల ఫొటో వేసి ఎడారి వచ్చేస్తోందని రాస్తాయి. మొలక మీద పడిన ఇసుకను గంపలతో ఎత్తిపోసే ఆడవాళ్లు మాత్రం ఆ ఫొటోల్లో ఉండరు.

ఈ ఇసుక చేరవలసిన చోటు వేరు. వేదవతి తుంగభద్రలో, తుంగభద్ర కృష్ణలో, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తాయి. నది తెచ్చే ఒండ్రుతోనే డెల్టా తీరం నిలబడుతుంది. దాన్ని శ్రీశైలం, నాగార్జునసాగర్ పట్టి ఉంచుతున్నాయి. గోదావరిదీ ఇదే కథ. అందుకే రెండు డెల్టాల్లోనూ తీరం చాలాచోట్ల వెనక్కి జరిగింది.

ఉప్పాడ అంటే మనకు చీరే గుర్తొస్తుంది. ఆ ఊళ్లో ఇళ్లూ రోడ్డూ కడలిపాలవుతున్నాయి. రేవు కట్టడాల వంటి కారణాలూ అక్కడ ఉన్నాయనుకోండి. ఇసుక నింపిన గొట్టాలతో కట్టిన గోడ కూడా అలలకు దెబ్బతింది. తీరం పోతే చేపలు ఎండబెట్టుకునే జాగా పోతుంది. ఆ పని, ఆ సంపాదన స్త్రీలవి.

ఇక నష్టపరిహారం సంగతి. వరద పొలంలో మూడు అంగుళాలకు మించి ఇసుక మేట వేస్తే తీయించుకోవటానికి సాయం చేసే నిబంధన ఉంది. గాలి తెచ్చిన ఇసుక మాట అందులో లేదు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి తీరపు కోత, నదీ కోతల నిర్వాసితుల పునరావాసానికి 1,000 కోట్లు సిఫారసు చేసింది. మన పొలం కోతకు గురికాలేదు, కప్పుకుపోయింది! కాబట్టి మనం ఆ లెక్కలోకీ రాము.

వచ్చినా ఎవరి పేరున వస్తుంది? ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ల వాటా 1985 సవరణతోనే ఈ రాష్ట్రంలో చట్టమైంది. దేశమంతటికీ 2005లో వచ్చింది. అడంగల్‌లో మాత్రం ఇంకా ఎక్కువగా మగవాళ్ల పేర్లే. ఆయన బెంగుళూరుకు వలసపోతాడు, ఇక్కడ ఇసుక ఎత్తే మనిషి కాగితాల్లో రైతు కాదు.

కనుక వచ్చే గాలికాలానికి ముందే ఊరూరా జాబితా రాద్దాం. సర్వే నంబరు, మేట వేసిన విస్తీర్ణం, సాగుచేస్తున్న స్త్రీ పేరు ఉండాలి. గ్రామసభలో చదివించి తహసీల్దారుకు ఇచ్చి రసీదు తీసుకుందాం. ఒక నకలు ఉప్పాడ స్త్రీలకూ పంపుదాం.