జరిమానా సొమ్ము ఎవరికి?



ప్లాటినం జూబిలీ సభలో శిక్షలను గురించిన ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చును. ఒక బాలుడు తోటివాని పలక పగులగొట్టినాడు. మనము జరిమానా విధించి ఆ పైకమును బడి నిధిలో జమ కట్టితిమనుకొనుడు. బడికి లాభమే, పలక పోయినవాడు మాత్రము వట్టి చేతులతో నిలిచియుండును. మన క్రిమినల్ న్యాయస్థానములలో చిరకాలము జరిగినది దాదాపు ఇదియే. ముద్దాయి కారాగారమునకు, జరిమానా ఖజానాకు, గాయపడినవాడు ఇంటికి.

పూర్వులు ఈ సంగతి యోచింపకపోలేదు. దొంగసొత్తును రాజు సొంతదారునకు ఇప్పింపవలెనని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. దానికి మితాక్షర వ్యాఖ్య రచించిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల కాలమువాడు. ఆ కల్యాణము మన సోలాపురమునకు ఏమంత దూరము కాదు. తిక్కనకు దశకుమార చరిత్రను అంకితమిచ్చిన కేతన ఆ వ్యాఖ్యను 13వ శతాబ్దిలోనే 'విజ్ఞానేశ్వరీయము'గా తెనిగించినాడు. తెలుగు పంతులమ్మను గనుక ఈ మాట చెప్పక ఉండలేకపోతిని.

1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 357వ సెక్షను, జరిమానాలో కొంతగాని యావత్తుగాని బాధితునకు ఇప్పింపవచ్చునన్నది. జరిమానా లేని శిక్షలలో సైతము నేరస్థునిచేత పరిహారము కట్టింపవచ్చునన్నది. కోర్టులు ఈ అధికారమును అరుదుగా వాడినవి. 1988లో హరిసింగ్ కేసులో సుప్రీంకోర్టు దీనిని ఎత్తిచూపి, ఇది ఇతర శిక్షలకు బదులు కాదు, వాటికి అదనమని స్పష్టపరచినది; దెబ్బలకు మాట పడిపోయిన వ్యక్తికి పరిహారమును 50,000 రూపాయలకు పెంచినది. ఇచ్చినను ఇవ్వకున్నను, ప్రతి క్రిమినల్ కేసులోను పరిహార విషయము ఆలోచించి కారణములు వ్రాయవలెనని 2013లో, మన మహారాష్ట్ర నుండి వెళ్లిన ఒక కేసులో ఆదేశించినది.

ధనికుడు డబ్బు పారవేసి తప్పించుకొనడా? 'అదనము' అన్న మాట విలువ ఇక్కడనే ఉన్నది. మరి నేరస్థుడు నిరుపేద అయినచో? వాని శక్తిని చూడవలెనని, వాయిదాలు ఇయ్యవచ్చునని కోర్టే చెప్పినది. కట్టలేని మొత్తము విధించిన తీర్పు బాధితుని ఇంట పొయ్యి వెలిగింపదు. అందుకే 2008 సవరణతో రాష్ట్ర ప్రభుత్వ పరిహార పథకము వచ్చినది. 2024 జూలై 1 నుండి ఈ రెండు ఏర్పాట్లును భారతీయ నాగరిక సురక్షా సంహిత 395, 396 సెక్షనులలో ఉన్నవి.

మన పేటలలో బీడీలు చుట్టియో, మగ్గముల కార్ఖానాలో పనిచేసియో బిడ్డలను చదివించు తల్లులు ఎందరో ఉన్నారు. ఇంటి యజమాని దౌర్జన్యమునకు బలియైనచో, ముందుగా ఆగిపోవునది పిల్లల చదువే. హాజరుపట్టీలో ఆ ఖాళీలను చూచుచున్నది మేము. అట్టి తల్లులకు నేను చెప్పునది ఒక్కటే: శిక్ష ఖరారగు దినమున సర్కారు వకీలు ద్వారా పరిహారపు మాట కోర్టు చెవిని వేయుడు. నేరస్థుడు దొరకకున్నను జిల్లా న్యాయసేవల ప్రాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును; విచారణను రెండు నెలలలో ముగింపవలెను. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ అక్కడ ఉచితముగా వకీలును ఇత్తురు. దరఖాస్తు వ్రాయుటకు చేయి ఆడనివారు సాయంకాలము బడి విడిచిన పిమ్మట నా గదికి రండి.