బాత్రూమ్ కంపుకి స్ప్రే కాదు, రెండు మగ్గుల నీళ్లు!

ఈరోజు టాపిక్ వినగానే కొంతమంది ముక్కు మూసుకుంటారు. పర్లేదు, చెవులు మాత్రం తెరిచి పెట్టుకోండి.

ఆళ్లగడ్డ నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మా అమ్మానాన్నల్ని ఒక్కసారైనా క్రూయిజ్ ఎక్కించాలని డబ్బు దాచుకుంటున్నా. క్యాబిన్‌లో బాత్రూమ్ కంపు కొడుతుందని ఎవరో భయపెట్టినారు. అమ్మకు బస్సెక్కితేనే కడుపులో తిప్పుతుంది. ఏ స్ప్రే తీసుకుపోవాల?"

తమ్ముడూ, ముందు నిజం చెప్తా. మనదీ ఆళ్లగడ్డే. నేను ఇంతవరకూ క్రూయిజ్ ఎక్కలేదు. 2022 జూన్‌లో విశాఖకి క్రూయిజ్ షిప్ వచ్చినప్పుడు ఫోన్లో వీడియోలు చూసి మురిసిపోయినోణ్ణే. కానీ ఈ కంపు సంగతి మాత్రం నాకు నంద్యాలలోనే బాగా తెలిసొచ్చింది.

బ్యాంక్ కోచింగ్ కోసం నంద్యాలలో రూమ్ తీసుకున్న రోజులు. మే నెలలో ఇరవై రోజులు ఇంటికి పోయి, ఒక మధ్యాహ్నం తిరిగొచ్చి తలుపు తీశా. గుప్పున కుళ్లిన కోడిగుడ్డు వాసన! అగరబత్తి వెలిగించా. స్ప్రే కొట్టా. మల్లెపూల వాసనా, కంపూ కలిసి ఇంకా ఘోరంగా తయారైంది. వాసన కమోడ్ నుంచే అనుకుని, బ్లీచింగ్ పౌడర్ వేసి, దాని మీద యాసిడ్ పోశా.

అంతే. గొంతు పట్టేసింది, కళ్లు మండిపోయాయి. బయటికి పరిగెత్తి మెట్ల మీద కూలబడ్డా. ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాస్. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన గ్యాస్ అదే. దాన్ని నేను తలుపేసుకుని నా బాత్రూమ్‌లో నేనే తయారు చేసుకున్నా. ఫ్రెండ్స్, ఈ వీడియోలో ఇంకేం గుర్తులేకపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి: బ్లీచింగ్, యాసిడ్ ఎప్పుడూ కలపొద్దు.

గాలి ఆడి అంతా సర్దుకున్నాక, సాయంత్రం ఓనరమ్మ ప్లంబర్ పెద్దాయన్ని పిలిపించింది. ఆయన కమోడ్ వైపు చూడనే లేదు. మూలన నేల మీదున్న జాలీ ఎత్తి, ఫోన్ టార్చ్ కొట్టి, "ఏం అబ్బీ, శానా రోజులు రూమ్‌లో లేవా?" అన్నాడు. రెండు మగ్గుల నీళ్లు పోశాడు. కాసేపటికి వాసన మాయం!

మ్యాజిక్ ఏంలేదు. జాలీ కింద ట్రాప్ ఉంటుంది. దాంట్లో ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలబడి ఉంటాయి. ఆ నీళ్లే మూత. మన నీళ్లు కిందికి పోతాయి, కింది గ్యాస్ పైకి రాదు. వాడకపోతే నీళ్లు ఆవిరైపోతాయి, మూత తెరుచుకున్నట్టే. పైపు వంపులో నీళ్లు నిలబెట్టే ఈ డిజైన్‌కి 1775లో పేటెంట్ తీసుకున్నది అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల తయారీదారు. రెండున్నర శతాబ్దాలైనా మన ముక్కుల్ని కాపాడుతున్నది ఆ వంపే.

ఇప్పుడు షిప్‌కి వద్దాం. అక్కడా బాత్రూమ్ నేలలో, షవర్ కింద డ్రెయిన్ ఉంటుంది. దానికీ నీళ్ల మూతే. క్యాబిన్ కొన్నాళ్లు ఖాళీగా ఉంటే ఆ నీళ్లు ఎండిపోవచ్చు. షిప్ ఊగితే తొణికిపోవచ్చు. పైగా ఎగ్జాస్ట్ గాలిని లాగుతూ ఉంటుంది కాబట్టి ఎండిన డ్రెయిన్‌లోంచి కంపు సులువుగా లోపలికొస్తుంది.

కాబట్టి తమ్ముడూ, ఇట్లా చెయ్యి:

ఒకటి, క్యాబిన్‌లోకి పోగానే వాష్‌బేసిన్‌లో, షవర్ డ్రెయిన్‌లో, నేల డ్రెయిన్‌లో రెండు మూడు గ్లాసుల నీళ్లు పొయ్యి. అరగంట ఆగి చూడు. రోజూ ఒకసారి పోస్తే ఇంకా మంచిది.

రెండు, షిప్‌లో చాలావరకు వ్యాక్యూమ్ టాయిలెట్లు ఉంటాయి. తక్కువ నీళ్లతో, గాలి బలంతో లాగేస్తాయి. వెట్ వైప్స్, ప్యాడ్స్ అందులో వేస్తే నీ ఒక్క క్యాబిన్‌కే కాదు, పక్కవాళ్లకీ ఇబ్బంది.

మూడు, నీళ్లు పోసినా తగ్గకపోతే మొహమాటపడొద్దు. రిసెప్షన్‌కి ఫోన్ చేసి, వాసన ఎక్కడ, ఏ టైంలో వస్తోందో చెప్పు. స్ప్రే కొట్టి పోతామంటే ఒప్పుకోవద్దు. డ్రెయిన్ చూడమను, లేదంటే క్యాబిన్ మార్చమని అడుగు.

నాలుగు, ఇది సీరియస్. కుళ్లిన గుడ్డు వాసన ఘాటుగా వచ్చి, కళ్లు మండి, తల తిరిగితే అమ్మానాన్నల్ని తీసుకుని వెంటనే బయటికొచ్చెయ్. అది హైడ్రోజన్ సల్ఫైడ్ కావచ్చు. ఎక్కువ మోతాదులో అది ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన ఆగిపోయిందంటే గ్యాస్ పోయిందని కాదు.

ఇంట్లో సెప్టిక్ ట్యాంకులో ప్రాణాలు తీసేదీ ఇలాంటి గ్యాసే. అందుకే వాసన వస్తోందని ఎవరినీ ట్యాంకులోకి దింపొద్దు. రక్షణ పరికరాలు లేకుండా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం కూడా. మిషన్ బండిని పిలవండి.

కంపు అంటే సిగ్గుపడి దాచేది కాదు ఫ్రెండ్స్, ఎక్కడో మూత తెరుచుకుందని ఇల్లు మనకు చెప్పే మాట. సెంటు పూసి దాని నోరు మూయొద్దు. సెలవులకి ఊరెళ్లి రూమ్‌కి తిరిగొచ్చినోళ్లు ఈరోజే రెండు మగ్గులు పోసి చూడండి.

తమ్ముడూ, స్ప్రే డబ్బులు మిగిలినట్టే. వాటితో అమ్మకి వాంతుల మాత్రలు, డాక్టర్ని అడిగి కొనిపెట్టు. సముద్రం చూసినప్పుడు వాళ్ల మొహాలు ఎట్లా వెలిగినాయో నాకు తప్పకుండా చెప్పాల. ఉంటా మరి, బై!