భక్తిగీతమునకు సొంతబాణీ



మా రావులపాలెపు అరటిగెలలు లారీలకెక్కి దూరప్రాంతములకు పోవుచున్నవి. దూరదేశపు పాటలు చేతిఫోనులలోనికి వచ్చి చేరుచున్నవి. వానిలో నైజీరియా దేశపు క్రైస్తవారాధన గీతములు కొన్ని నేను వింటిని. ఆ దేశమున యోరుబా, ఇగ్బో, హౌసా ముఖ్యభాషలు. ఇవిగాక భాషలు వందలకొలది కలవు. ఒకే పాటలో రెండుమూడు భాషలు దొరలుచుండును. ఇది వినోదమునకు చేసినపని కాదు. దాని వెనుక పెద్ద చిక్కు కలదు.

యోరుబాలో స్వరము హెచ్చుతగ్గులను బట్టి అర్థము మారును. 'ఒకొ' అను రెండక్షరములే ఒక తీరున పలికిన భర్త, మరియొక తీరున గుద్దలి, వేరొక తీరున పడవ, ఇంకొక తీరున బల్లెము. మొదటి పాదరులు ఇంగ్లీషు కీర్తనలను యోరుబాలోనికి మార్చి, బాణీని మాత్రము ఇంగ్లీషుదే ఉంచిరి. బాణీ పైకి పోవుచోట మాట క్రిందికి దిగవలెను; దిగనియ్యదు. దైవస్తోత్రము వినువారి చెవికి వేరొకటియై తోచెను. కావున అక్కడివారే సొంతబాణీలు కట్ట నారంభించిరి. అబెయోకుటా పట్టణపు పాదరి జోసయా రాన్సమ్ కుటి అట్టి గీతములను 1922లో లండనులో గ్రామఫోను పలకలకు పాడెను.

మన తెలుగునకు ఆ చిక్కు లేదనుకొనరాదు. మనకు స్వరము కాదు, మాత్ర ముఖ్యము. పరభాష బాణీ కొరకు హ్రస్వమును సాగదీసితిమా, 'దినము' 'దీనము' అగును. 'పడును' అన్నది 'పాడును' అగును. చదువురాని ముసలమ్మకు పాటయే గ్రంథము. ఆమె చెవికి మాట చెడిన, ఆమెకు గ్రంథమే చెడినట్లు.

ఈ సంగతి ఎరిగినవాడు పురుషోత్తమ చౌదరి (1803–1890). గంజాం సీమ బ్రాహ్మణ కుటుంబమున పుట్టి క్రైస్తవుడైన ఆయన పల్లవి, చరణములతో, రాగతాళములతో తెలుగు కీర్తనలు రచించెను. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకమున పాటల నెత్తిన రాగము, తాళము అచ్చువేసియుండుట నేటికిని చూడవచ్చును. 1836లో బౌడెను, బీరు అను ఇంగ్లీషువారు వచ్చి నరసాపురమున నెలకొల్పిన మిషను మూలమున ఈ గోదావరి లంకలకు, పేటలకు సువార్త ప్రాకినది. ఒకప్పుడు సంగీతసభ గడపనైన తొక్కనియ్యని వారి బిడ్డలు శంకరాభరణమును, ఆనందభైరవిని ఆదివారము నాడు నోరార పాడిరి. ఇది సామాన్యమైన విషయము కాదని నా అభిప్రాయము.

అయినను ఒక లోటు మిగిలినది. నైజీరియాలో మొదట మిషనువారు డోలును గుడిలోనికి రానియ్యలేదు. అది అన్యదేవతల పూజకు సంబంధించినదనిరి. 1920 తరువాత బలపడిన అలాదురా సంఘములు డోలును, చప్పట్లను, నృత్యమును ఆరాధనకు తెచ్చినవి. వారి డోలొకటి మన బుడబుక్కలవాని డమరువు వలె నడుము సన్నమై యుండును. చంకను పెట్టి త్రాళ్లను నొక్కిన స్వరము పెరుగును, వదలిన తగ్గును. ఆ విధమున అది యోరుబా మాటలనే పలుకును!

మన గుళ్లలో హార్మోనియము కలదు, తబల కలదు, ఇప్పుడు మీటల విద్యుద్వాద్యము కూడ కలదు. డప్పు మాత్రము నేనెరిగిన గుళ్లలో బయటనే యున్నది. చావునకు, జాతరకు మ్రోగునది గావున తగదని కొందరందురు. మద్దెల ఏ జాతరకును పోలేదా? అసలు అడ్డము తోలునకు కాదు, దానిని మ్రోగించువాని కులమునకు. వాని మనుమడు నేడు గుడిలో ముందు వరుసను కూర్చుండి పాడుచున్నాడు. తాత వాద్యము ఇంటి చూరున వ్రేలాడుచున్నది.

కోతపండుగ నాడు ధాన్యపు బుట్టలు, అరటిగెలలు ఊరేగింపుగా తెత్తురు గదా. ఈసారి ఆ ఊరేగింపునకు ముందు డప్పును నడిపింపుడు. గుమ్మము దాటిన పిమ్మట దానికి తబల ప్రక్కను చోటు చూపవలెనో, వేరొక చోటనో సంఘపెద్దలు కూర్చుండి తేల్చుకొందురు గాక.