హారంలో ఎక్స్ ఉంటే

ఎస్.ఎస్.ఎల్.సి. చదివే పిల్లలు కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి.

మన చింతామణి, బాగేపల్లి పక్క ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. తెలుగు పుస్తకం లవం, హారం అంటే కన్నడ పుస్తకం అంశ, ఛేద అంటుంది. రెండూ మనవే. 1150లో భాస్కరాచార్యుడు రాసిన లీలావతిలో ఈ నాలుగు మాటలూ ఉన్నాయి.

తికమక మాటలతో కాదు, కొట్టివేతతో వస్తుంది. పైన ఎక్స్ ప్లస్ 6, కింద 6 అనుకోండి. చూడగానే పిల్లల చేయి ఊరుకోదు. రెండు ఆరులూ కొట్టేసి ఎక్స్ అని రాస్తారు. ఎక్స్ బదులు 6 వేసి చూడండి. 12ను 6తో భాగిస్తే 2 రావాలి, వారి జవాబు 6! కూడికలో ఉన్న ముక్కను కొట్టేయరాదు. పైనంతటికీ, కిందంతటికీ గుణకంగా ఉన్నదాన్నే కొట్టేయాలి.

పైన ఎక్స్ స్క్వేర్ మైనస్ 9, కింద ఎక్స్ మైనస్ 3 ఉంటే? పైదాన్ని ఎక్స్ మైనస్ 3, ఎక్స్ ప్లస్ 3ల లబ్ధంగా విడదీయండి. ఇప్పుడు ఎక్స్ మైనస్ 3 కొట్టేస్తే ఎక్స్ ప్లస్ 3 మిగులుతుంది. అయితే పక్కనే "ఎక్స్ 3 కారాదు" అని రాయాలి. 3 అయితే మొదటి లెక్కలో హారం సున్న అవుతుంది. కొట్టేసినంత మాత్రాన ఆ అడ్డు పోదు.

సున్నతో భాగిస్తే ఏమిటట? టమాట మార్కెట్టుకు వ్యాను బాడుగ 600 రూపాయలు. ఎక్స్ మంది రైతులు పంచుకుంటే తలకు 600 బై ఎక్స్. ఎవరూ లేకుంటే తలకు ఎంత? ఆ ప్రశ్నకే అర్థం లేదు. 850 ప్రాంతంలో, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, మహావీరాచార్యుడు మాత్రం సున్నతో భాగించినా సంఖ్య మారదని గణితసార సంగ్రహంలో రాశాడు. అది సరికాదు. కానీ హారాలు వేరైన భిన్నాలకు క.సా.గు. వాడే పద్ధతిని చక్కగా చెప్పిందీ ఆయనే. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు.

ఆ పద్ధతి మన వ్యానుకే పెట్టి చూద్దాం. ఇంకొక రైతు చేరితే తలకు ఎంత తగ్గుతుంది? 600 బై ఎక్స్‌లో నుండి 600 బై ఎక్స్ ప్లస్ 1 తీసేయాలి. హారాల క.సా.గు. ఎక్స్ ఇంటూ ఎక్స్ ప్లస్ 1. పైన 600 ఎక్స్ ప్లస్ 600లో నుండి 600 ఎక్స్ పోతే 600 మిగులుతుంది. ఐదుగురుంటే తలకు 120, ఆరుగురైతే 100, తేడా 20. ఐదారులు ముప్పై, 600ను 30తో భాగించినా 20 రూపాయలే.