బావినీరు - కోర్టు తగవు

సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతుకు మన అనంతపురపు మెట్టసీమలో తగవులు తఱచు నీటికొఱకే పుట్టును. నేను బడిపంతులనగుటచే దావాకాగితములు చదివిపెట్టుమని రైతులు నా కడకు వచ్చెడివారు. ఇరువురు అన్నదమ్ములు బావిలో వంతుకై పదునొకండేండ్లు వ్యాజ్యమాడిరి. డిక్రీ వచ్చునాటికి బావి యెండినది.

1800 మొదలు 1807 వఱకు దత్తమండలముల కలెక్టరుగా నుండి, అనంతపురమున నివసించిన మన్రో, చిన్న తగవులు గ్రామముననే తీరవలెనని వాదించెను. 1816లో మద్రాసు ప్రభుత్వము గ్రామపంచాయతులకు శాసనము చేసెను. నేడు 1987 నాటి చట్టముచే నేర్పడిన లోక్ అదాలత్తు రాజీ కుదుర్చుచున్నది. కుదిరినచో కోర్టులో కట్టిన రుసుము తిరిగి వచ్చును. అయితే ఆ యవార్డు సివిలుకోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు.

కావున నీటివంతు ఎన్ని దినములకొకసారి, మోటారు ఖర్చు ఎవరిది, బావి పూడిక తీయించునదెవరు అను సంగతులన్నియు వ్రాయించి, చదివించుకొని, పిమ్మటనే వ్రేలిముద్ర వేయుడు. సమ్మతి లేనిచో లేదని చెప్పుడు. అప్పుడు దావా మరల కోర్టునకే పోవును. మీ హక్కునకు భంగము రాదు.